'మేము' – 'మనము'

ఆంగ్లమున వచ్చిన వార్తను తెనుగు చేయునప్పుడు మా కలము తఱచుగా ఒక చిన్న మాట దగ్గర ఆగిపోవును. ఒక మంత్రిగారు సభలో ఆంగ్లమున ప్రసంగించుచు, 'వుయ్' ఈ భారమును మోయవలెను అని పలికినారనుకొనుడు. ఆ 'వుయ్' అను మాటను తెనుగున ఎట్లు వ్రాయవలెను? 'మేము మోయవలెను' అన్నచో భారము ప్రభుత్వము వారిది. 'మనము మోయవలెను' అన్నచో రేడియో ముందు కూర్చుండి వినుచున్న మీది కూడ. ఆంగ్లము ఈ సంగతిని తేల్చదు. తెలుగు తేల్చక విడువదు. సర్వనామమును మ్రింగివేసి 'మోయవలెను' అని మాత్రమే వ్రాసి తప్పించుకొందమన్నచో, 'ఎవరు మోయవలెను?' అని శ్రోతలు తప్పక అడుగుదురు. వార్తల వేళ దగ్గర పడుచుండగా ఆ ప్రసంగమును మొదటినుండి మరల చదివి, వక్త మనస్సులో ఎవరున్నారో గ్రహించి, రెండింటిలో ఒకటి వ్రాయవలెను. పొరబడితిమా, ఆయన అనని మాటను ఆయన నోట పెట్టినవారమగుదుము.

ఈ భేదము మనకు ఉగ్గుపాలతో వచ్చినది. మూడేండ్ల పిల్లవాడు పొరుగువారి పిల్లవానితో 'మా అమ్మ' అనును, తన చెల్లెలితో 'మన అమ్మ' అనును; తడబడడు. కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలితో అత్తగారు 'మా ఇంటిలో ఈ కూర ఇట్లు చేయుదుము' అన్నచో ఆ పిల్ల మనస్సు చివుక్కుమనును. అదే కూర, అదే ఇల్లు. 'మన ఇంటిలో' అన్నచో ఆమె కుదుటపడును. క్రియాపదము ఇందులో ఏమియు సాయపడదు. 'మేము పోయితిమి', 'మనము పోయితిమి' – రెండుచోట్లను క్రియ ఒక్కటే. వినువారిని కలుపుకొనుటయు, విడిచిపెట్టుటయు ఆ చిన్న సర్వనామము మీదనే ఆధారపడియున్నది.

ఇంత సహజముగా తోచు ఈ భేదము అన్ని భాషలలోను లేదు. సంస్కృతమున ఉత్తమపురుషకు 'అహమ్', 'ఆవామ్', 'వయమ్' అని మూడు రూపములు కలవు. మాటలాడువారు ఒకరా, ఇద్దఱా, అంతకు మించినవారా అని ఆ భాష లెక్క పెట్టును. వినుచున్నవాడు ఆ లెక్కలో ఉన్నాడా అని మాత్రము అడుగదు. లాటిను, ఆంగ్లము, హిందీ కూడ అడుగవు. తమిళము అడుగును: 'నాంగళ్' అనగా మేము, 'నామ్' అనగా మనము. మలయాళమునను ఈ భేదము నిలిచియున్నది. మనకు అతి సమీపమున నున్న కన్నడము మాత్రము నేడు 'నావు' అను ఒక్క మాటతోనే సరిపెట్టుకొనుచున్నది. 1856లో కాల్డ్వెల్ పండితుడు ద్రావిడభాషలను పోల్చి వ్రాసిన గ్రంథమున, వాటిని సంస్కృతమునుండి వేఱుపఱచు లక్షణములలో ఈ రెండు సర్వనామములను కూడ పేర్కొనెను.

భాషలు ఇరుగుపొరుగులనుండి మాటలనే కాదు, వ్యాకరణ పద్ధతులను కూడ నేర్చుకొనును. మరాఠీ, గుజరాతీ సంస్కృత కుటుంబమునకు చెందినవి. అయినను మరాఠీలో మేమునకు 'ఆమ్హీ', మనమునకు 'ఆపణ్' అందురు. గుజరాతీలో 'అమే', 'ఆపణే' అందురు. ద్రావిడభాషలతో చిరకాలము కలసి మెలసి యుండుటవలన ఇది ఏర్పడియుండునని పండితులు తలంచుచున్నారు. సంతాలీ భాష ఇంకను సూక్ష్మమైనది. నీవు, నేను కలసి ఇద్దఱమా, నీవు కాక మేమిద్దఱమా, నీతో కలసి అందఱమా, నిన్ను విడిచి మేమందఱమా – ఈ నాలుగింటికిని ఆ భాషలో నాలుగు వేఱు మాటలు కలవు.

ఈ భేదము ఐరోపా పండితుల కంటపడిన తీరు కూడ తెలిసికొనదగినది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున క్వెచువా అను భాష కలదు. డొమింగో డి సాంతో తోమాస్ అను స్పెయిన్ దేశపు సన్యాసి ఆ భాషకు వ్యాకరణము వ్రాసి 1560లో ప్రకటించెను. తన మాతృభాషలోను, తాను చదివిన లాటినులోను లేని ఈ భేదమును ఆయన అందు వివరించెను. మతప్రచారకులకు ఇది కేవలము పాండిత్య విషయము కాదు. భగవంతుని 'తండ్రీ' అని పిలుచునప్పుడు 'మా తండ్రీ' అనవలెనా, 'మన తండ్రీ' అనవలెనా? 'మన' అన్నచో, వినుచున్న భగవంతునికి కూడ ఆయనయే తండ్రి యగును! క్వెచువాలో 'యాయ' అనగా తండ్రి. ప్రార్థనలో దానికి 'మన' అను ప్రత్యయమును గాక, 'మా' అను ప్రత్యయమును చేర్చి 'యాయయ్కు' అనిరి. తెలుగు క్రైస్తవులు కూడ 'మా తండ్రీ' అనియే ప్రార్థింతురు. ఆంగ్లమున ప్రార్థించువానికి ఈ చిక్కు ఉన్నట్లే తెలియదు.

రాజ్యముల చరిత్రలో కూడ ఈ మాటకు పని పడినది. ఇండొనీషియా వారి భాషలో 'కామి' అనగా మేము, 'కిత' అనగా మనము. 1945 ఆగస్టు 17వ తేదీన సుకర్ణో చదివిన స్వాతంత్ర్య ప్రకటన 'కామి' అను మాటతో ఆరంభమైనది. అది తమలో తాము చెప్పుకొన్న మాట కాదు. డచ్చివారితో సహా ఎల్లలోకము వినుచుండగా ఒక జాతి ఎలుగెత్తి చెప్పిన మాట. కనుక 'మేము'. మన రాజ్యాంగ పీఠికను తెనిగించినవారు కూడ భారత ప్రజల నోట 'మేము' అనియే పలికించిరి. ఆంగ్ల మూలమునకు ఈ ఎంపిక చేయవలసిన అగత్యమే లేకపోయెను.

ఈ భేదమునకు అలవాటుపడినవారు దానిని ఎట్లు కాపాడుకొందురో పసిఫిక్ దీవులయందు చూడవచ్చును. అచ్చట ఆంగ్ల పదములతో కొత్త భాషలు పుట్టినవి. వాటిని మాటలాడినవారి సొంత భాషలలో మేము, మనము వేఱు. ఆంగ్లమున ఆ భేదము లేదుకదా యని వారు దానిని విడువలేదు. ఆంగ్లపు 'యూ', 'మీ' అను రెండు మాటలను కలిపి 'యుమి' యనిరి. అనగా నీవును నేనును, మనము. పాపువా న్యూగినీలో మేము అనుటకు 'మిపెలా' అని మఱియొక మాటను కూర్చుకొనిరి. 1980లో స్వతంత్రమైన వనువాటు దేశపు జాతీయగీతము పేరు 'యుమి, యుమి, యుమి'. అనగా మనము, మనము, మనము. ఆ గీతమును పాడునది ప్రజలు, వినునదియు వారే.

ప్రపంచ భాషల వ్యాకరణములను పటములలో చూపు ఒక గ్రంథము 2005లో వెలువడినది. అందు సర్వనామములకై పరిశీలించిన 200 భాషలలో 63 భాషలయందు మేము, మనము అను స్పష్టమైన భేదము కనబడినది. అట్లయిన తక్కిన భాషలవారికి కలుపుగోలుతనము తక్కువ యనవచ్చునా? అది తొందరపాటు. ఆంగ్లేయుడు కావలసినప్పుడు 'మీరును మేమును కలసి' అని విడమరచి చెప్పగలడు. 'లెట్స్ గో' అని అతడు పిలిచినచో అందు వినువాడు తప్పక చేరియుండును. కన్నడిగులు ఈ భేదమును విడిచినంతమాత్రమున అతిథులను ఆదరించుట మానలేదు. రోమన్ యాకబ్సన్ అను భాషావేత్త 1959లో ఈ విషయమును చక్కగా తేల్చెను. భాషల మధ్యనున్న ముఖ్యభేదము ఏమి చెప్పగలమన్నదానిలో లేదు; ఏమి చెప్పక తప్పదన్నదానిలో ఉన్నది. అన్ని భాషలును అన్నియు చెప్పగలవు. కాని ప్రతి భాషయు తన బిడ్డలను కొన్ని ప్రశ్నలు అడుగును. వాటికి బదులు చెప్పనిదే నోరు విప్పనీయదు. సంస్కృతము 'మీరిద్దఱేనా?' అని అడుగును. తెలుగు 'నీ ఎదుటివానిని కలుపుకొంటివా?' అని అడుగును.

అందువలన ఒక భాషనుండి మఱియొక భాషకు మార్చువాడు మాటలకు మాటలు పెట్టిన చాలదు. మూలమున ఎవ్వరును అడుగని ప్రశ్నకు అతడు బదులు వెదకవలెను. ఆ బదులు తప్పినచో ప్రజల భారము ప్రభుత్వమునకును, ప్రభుత్వపు భారము ప్రజలకును మాఱిపోవును.

ఈ ప్రసంగమున 'మేము' అన్నచోట్ల మా కేంద్రమునందు వార్తలు తెనిగించువారము. 'మనము' అన్నచోట్ల తెలుగు మాటలాడు మీరును, మేమును. నేటి రాత్రి వార్తలలో ఏ నాయకుని నోటనైన 'మనము' అని వినబడినచో ఒక్క క్షణము ఆలోచింపుడు: అందు మీరు నిజముగా ఉన్నారా? లేరని తోచినచో మాకొక ఉత్తరము వ్రాయుడు. మూలప్రతిని మరల తీసి చూతుము.