లాయర్లకి క్లాసులు చెప్పాలంటే ఎవరి అప్రూవల్ కావాలి?

ఈరోజు ఎపిసోడ్ లా స్టూడెంట్స్ కోసం, కొత్తగా నల్లకోటు వేసుకున్న జూనియర్స్ కోసం. కానీ ఏదో ఒక రోజు లాయర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చే అందరికీ పనికొస్తుంది, కాబట్టి స్కిప్ చేయకండి.

తార్నాకలో మేము కొంతమంది అడ్వకేట్లం శనివారం సాయంత్రాలు కూర్చుని కొత్త క్రిమినల్ చట్టాలు చదువుకుంటాం. ఓయూ క్యాంపస్ నుంచి స్టూడెంట్స్ వస్తారు, నాంపల్లి, సికింద్రాబాద్ కోర్టుల నుంచి జూనియర్స్ మెట్రోలో వస్తారు. వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, సర్టిఫికెట్ ఇస్తారా? దానికి బార్ కౌన్సిల్ అప్రూవల్ ఉందా?"

సూటిగా చెప్తా. లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ముందు అప్రూవల్ ఉన్న చోటు చూద్దాం.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లాయర్ లైసెన్స్ నిలబడాలంటే చదువు ఆపకూడదు. మన తెలుగువాళ్లు బాగా ఉన్న టెక్సాస్‌లో ఏడాదికి 15 గంటలు. కాలిఫోర్నియాలో మూడేళ్లకి 25 గంటలు. న్యూయార్క్‌లో రెండేళ్లకి 24, అక్కడ 50 నిమిషాల క్లాసుని ఒక గంటగా లెక్కేస్తారు. ఎవరి క్లాసు పడితే వాళ్ల క్లాసు లెక్కలోకి రాదు కదా, అందుకే క్లాసు పెట్టే సంస్థకి అప్రూవల్ కావాలి. న్యూయార్క్‌లో పూర్తి గుర్తింపు అడగాలంటే అంతకుముందు మూడేళ్లలో కనీసం ఎనిమిది ప్రోగ్రాములు నడిపి ఉండాలి. కొత్తవాళ్లు ఒక్కో కోర్సుకి విడిగా అప్లై చేసుకుంటారు. పాఠం ఎవరు చెప్తున్నారు, రాతపూర్వక మెటీరియల్ ఉందా, హాజరు ఎలా చూస్తున్నారు, ఇలాంటివన్నీ అడుగుతారు.

అంటే ముందు గంటల రూలు, ఆ తర్వాత అప్రూవల్. రూలే లేకపోతే అప్రూవల్ దేనికి?

మన దగ్గర ఈ రూలు వేరే వృత్తుల్లో ఉంది. డాక్టర్లకి ఐదేళ్లలో 30 గంటలు. ప్రాక్టీస్ చేసే చార్టర్డ్ అకౌంటెంట్లకి మూడేళ్లలో 120 గంటలు, ఆ క్లాసులు నడపడానికి గుర్తింపు ఉన్న యూనిట్లు కూడా ఉన్నాయి. లాయర్లకి మాత్రం ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ ఒక్కసారి పాసైతే చాలు, ఆ తర్వాత గంటల లెక్క లేదు. 1961 అడ్వకేట్స్ యాక్ట్‌లో బార్ కౌన్సిళ్లు సెమినార్లు, ఉపన్యాసాలు పెట్టాలని ఉంది. కేరళ బార్ కౌన్సిల్‌కి కొచ్చిలో ఎం.కె. నంబియార్ పేరు మీద ఒక అకాడమీయే ఉంది. 2002లో లా కమిషన్ తన 184వ రిపోర్టులో లీగల్ ఎడ్యుకేషన్, ప్రొఫెషనల్ ట్రైనింగ్ గురించే మాట్లాడింది. అప్పటి చైర్మన్ మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు గారు. అయినా ప్రతి లాయరూ ఇన్ని గంటలు చదవాలనే రూలు ఇంకా రాలేదు.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో కన్‌ఫ్యూజ్ అవుతారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా లా కాలేజీలకి ఇచ్చే అప్రూవల్ వేరు, ఇది వేరు. ఎవరైనా "మాది అప్రూవ్డ్ కోర్సు" అని మీ దగ్గర వేలు అడిగితే, ఏ ఆర్డర్ కింద, ఏ తేదీన అప్రూవ్ చేశారో కాపీ చూపించమనండి. డబ్బు కట్టేముందే అడగండి, తర్వాత కాదు.

సరే, రూలు లేకపోతే చదవక్కర్లేదా? ఇక్కడే అసలు సమస్య. 2024 జూలై 1న ఐపీసీ పోయి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ కూడా మారాయి. హత్య 302 కాదు, 103. చీటింగ్ 420 కాదు, 318. అలాగని పాతవి మర్చిపోవడానికీ లేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. అంటే లాయర్ రెండూ చేతిలో పెట్టుకుని తిరగాలి.

మీ ఫోన్‌కి సంబంధించిన ఉదాహరణ చెప్తా. మీకు రావాల్సిన డబ్బు గురించి వాట్సాప్‌లో చాట్ ఉంది, స్క్రీన్‌షాట్ తీశారు. పాత చట్టంలో 65బి సర్టిఫికెట్ కావాలి. కొత్త సాక్ష్య చట్టంలో అది సెక్షన్ 63. ఫారం రెండు భాగాలు: ఒకటి సాక్ష్యం పెట్టే వాళ్లు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. అందులో హ్యాష్ వాల్యూ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. మీ లాయర్ పాత ఫారమే పెట్టారనుకోండి, అవతలి లాయర్ అభ్యంతరం చెప్తారు. మీ దగ్గర నిజం ఉన్నా కేసు నలుగుతుంది. నష్టపోయేది మీరు.

అందుకే అప్రూవల్ లేకపోయినా క్లాసులు కావాలి. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి.

ఒకటి, లాయర్ పాఠం చెప్పొచ్చు. బార్ కౌన్సిల్ రూల్ 51 బోధనకి ఒప్పుకుంటుంది. లా బోధించడం మీద 1979 రూల్స్ ప్రకారం రోజుకి మూడు గంటలు దాటకూడదు.

రెండు, క్లాసు పేరుతో క్లయింట్లని పట్టకూడదు. రూల్ 36 ప్రకారం లాయర్ ప్రచారం చేసుకోకూడదు.

మూడు, సర్టిఫికెట్ మీద జరిగిందే రాయండి: టాపిక్, తేదీ, ఎన్ని గంటలు, ఎవరు చెప్పారు. "అప్రూవ్డ్" అనే మాట వద్దు. డిగ్రీ ఇచ్చే అధికారం యూజీసీ చట్టం ప్రకారం యూనివర్సిటీలకే ఉంటుంది.

నాలుగు, వీలైతే బార్ అసోసియేషన్‌తోనో, యూనివర్సిటీ లా కాలేజీతోనో కలిసి పెట్టండి. వాళ్ల పేరుకి ఉన్న నమ్మకం మన పేరుకి రావడానికి టైం పడుతుంది.

ఐదు, రికార్డు ఉంచండి. సంతకాల రిజిస్టర్, మెటీరియల్, ఫీడ్‌బ్యాక్. రేపు మన దగ్గర కూడా రూలు వస్తే, అమెరికాలో అడిగినట్టే పాత ప్రోగ్రాముల లెక్క అడగొచ్చు. అప్పుడు వెతుక్కోవద్దు.

ఖర్చు గురించి భయపడకండి. చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఫ్రీ. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్‌లో ఫ్రీ. కావాల్సింది ఒక గది, వారానికి రెండు గంటలు, చదివి వచ్చే నలుగురు.

లాయర్లు కాని ఫ్రెండ్స్‌కి ఒక్క మాట. కేసు ఇచ్చేముందు మర్యాదగానే అడగండి: "సార్, నా చాట్ కోర్టులో పెట్టాలంటే సెక్షన్ 63 ఫారం ఎవరు నింపాలి?" గోడ మీది సర్టిఫికెట్ల కంటే ఆ జవాబే మీకు ఎక్కువ చెప్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో జీరో ఎఫ్ఐఆర్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.