రోడ్డు ఒక్కసారే తవ్వండి బాబూ!

ట్రామా... ఇంటర్నెట్టా? ఐర్లాండ్‌లో ఇరవై ఏళ్లుగా తెగని పంచాయితీ

మన ఊళ్లో కొత్తగా తారు రోడ్డు వేశారంటే చాలు, వారం తిరక్కుండా నీళ్ల పైపుల వాళ్లొచ్చి తవ్వేస్తారు. వాళ్లు పూడ్చాక టెలిఫోన్ వాళ్లు దిగుతారు. ‘మన దేశం ఇంతే’ అని ఓ నిట్టూర్పు విడిచి, పక్క సందులోంచి బండి తోలుకుపోతాం. ఐర్లాండ్ వచ్చాక నాకు అర్థమైందేమిటంటే... ఆ జబ్బు మన ఒక్కరిదే కాదు! కాకపోతే ఇక్కడ తవ్వే ముందు పదేళ్లు వాదించుకుంటారు. తవ్వాక మరో పదేళ్లు ఆ ఖర్చు గురించి తిట్టుకుంటారు.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసినవాణ్ని. ఇక్కడ సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నా. పొద్దున లేస్తే గుంతల్లోకి తొంగిచూడటమే నా ఉద్యోగం. అందుకే ఈ తగువును టీవీ చర్చల్లో కూర్చున్నవాళ్లకంటే కాస్త కింద నుంచి చూస్తుంటాను.

తగువేమిటంటే... ‘నగరానికి ట్రామ్ పట్టాలు ముందా? పల్లెకు హైస్పీడ్ ఇంటర్నెట్ ముందా?’

ఒకే దేశం... రెండు గోడులు

మనవాళ్లలోనే చూడండి. కార్క్ జిల్లాలో ఓ పల్లెలో అద్దె తక్కువని ఇల్లు తీసుకున్న సాఫ్ట్‌వేర్ తమ్ముడొకడు, ‘అన్నా, ట్రామ్ వస్తే నాకేంటి? ముందు నా ఇంట్లో మీటింగ్ మధ్యలో కాల్ ఆగిపోకుండా చూడమను’ అంటాడు. అదే కార్క్ నగరంలో ఆస్పత్రిలో పనిచేసే నర్సు అక్క మాట వేరు. ‘రాత్రి డ్యూటీ దిగాక బస్సు కోసం వానలో నిలబడేది నేను తమ్ముడూ! ఇంటర్నెట్ నన్ను ఇంటికి తీసుకెళ్తుందా?’ అని అడుగుతుంది.

ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరూ పన్ను కట్టేవాళ్లే. పైగా ఇద్దరి గోడూ చివరికి చేరేది ఒక్కచోటికే... ఎక్కడ ఉంటే అద్దె కట్టి, నాలుగు రాళ్లు మిగుల్చుకోగలం?

వెయ్యడం... పీకెయ్యడం... మళ్లీ వెయ్యడం!

డబ్లిన్‌కు ట్రామ్ కొత్తేమీ కాదు. 1872లోనే గుర్రాలు లాగే ట్రామ్‌లు నడిచాయి. తర్వాత కరెంటువి వచ్చాయి. బస్సులు, కార్ల జోరులో 1949 నాటికి నగర ట్రామ్‌లన్నీ ఆగిపోయాయి. కార్క్‌లో అయితే 1898లో మొదలైన కరెంటు ట్రామ్ 1931లోనే మూతపడింది. డబ్లిన్‌లో హార్కోర్ట్ స్ట్రీట్ రైలు మార్గాన్ని కూడా 1958 చివర్లో మూసేశారు.

అర్ధ శతాబ్దం గడిచాక ట్రాఫిక్‌లో ఊపిరాడక మళ్లీ ట్రామే గుర్తొచ్చింది. దాని పేరు ‘లూయస్’. ఐరిష్ భాషలో వేగం అని అర్థం. 2004 జూన్ 30న గ్రీన్ లైన్, అదే ఏడాది సెప్టెంబర్‌లో రెడ్ లైన్ మొదలయ్యాయి. గ్రీన్ లైన్ చాలా దూరం నడిచేది ఎక్కడో తెలుసా? 1958లో మూసేసిన ఆ పాత రైలు దారిలోనే!

ఇక్కడో చిత్రం. రెండు లైన్లూ వచ్చాయి కానీ ఒకదాన్నొకటి కలవలేదు. ఊరి నడిబొడ్డున ట్రామ్ నేల మీద పోవాలా, కింద సొరంగంలో పోవాలా అని 1990ల్లో పెద్ద రచ్చ జరిగింది. దుకాణదారులు రోడ్లు తవ్వితే మా వ్యాపారం గోవిందా అన్నారు. సొరంగమైతే ఖర్చు తడిసి మోపెడవుతుందని ఇంకొందరన్నారు. చివరికి నడిమి ముక్కను పక్కన పెట్టి రెండు కొసలు కట్టారు. ఫలితం? పదమూడేళ్లపాటు ఒక ట్రామ్ దిగి, దాదాపు పావుగంట నడిచి ఇంకో ట్రామ్ ఎక్కడం!

ఆ ముక్క కలిసింది 2017 డిసెంబర్ 9న. పొడవు దాదాపు ఆరు కిలోమీటర్లు, ఖర్చు 36.8 కోట్ల యూరోలు. అందులో పట్టాలు పరచడం కంటే ముందు జరిగిన పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అదే మా బాధ!

నేల కింద ఏముంటుంది?

ట్రామ్ పట్టాల కింద కాంక్రీటు దిమ్మె ఉంటుంది. ఒకసారి ట్రామ్ నడవడం మొదలయ్యాక, కింద పైపు పగిలిందని దాన్ని తవ్వడం కుదరదు. అందుకే నీళ్లు, మురుగు, గ్యాస్, కరెంటు, టెలిఫోన్... అన్నిటినీ ముందే పక్కకు జరపాలి. నగరం నడుమ లైన్లు కలిపే ఆ పనిలో 2013లో మొదట మొదలైంది ఇదే. పాత వీధుల్లో ఇళ్ల నేలమాళిగలు రోడ్డు కిందికి చొచ్చుకొచ్చి ఉంటాయి. మ్యాప్‌లో ఒకచోట ఉన్నట్టు చూపించిన పైపు నేలలో ఇంకోచోట తేలుతుంది. అందుకే ముందు చిన్న గుంటలు తీసి, ఒక్కో గొట్టాన్నీ కళ్లతో చూసుకుని గానీ పెద్ద మిషన్ దింపరు.

అంటే ట్రామ్ ఖర్చులో పెద్ద భాగం ట్రామ్‌ది కాదు, నేలది. ఇంటర్నెట్ కేబుల్‌దీ అదే కథ. వెంట్రుకంత గాజు పోగుకు ఖరీదెంతని? దాన్ని దింపడానికి తవ్వే కందకానికీ, పూడ్చే తారుకీ, ట్రాఫిక్ ఆపే మనుషులకీ అయ్యేదే అసలు ఖర్చు.

పల్లెకు దారం లాగిన కథ

ఇక ఇంటర్నెట్ సంగతి. 2004 ప్రాంతంలో ఇక్కడి ప్రభుత్వం పట్టణాల చుట్టూ ఫైబర్ వలయాలు వేయించడం మొదలెట్టింది. వలయాలైతే వచ్చాయి గానీ, వాటి నుంచి ఇంటి గడప దాకా వచ్చే ముక్క లేదు. హైవే వేసి ఊళ్లోకి డొంకదారి వేయనట్టు! కొన్నేళ్లపాటు చాలాచోట్ల అవి ఖాళీగా పడున్నాయని విమర్శలు వచ్చాయి.

2012లో జాతీయ బ్రాడ్‌బ్యాండ్ పథకం ప్రకటించారు. ఐర్లాండ్ పల్లె మన పల్లెలా ఇళ్లన్నీ ఒకచోట ఉండేది కాదు. రోడ్డు పొడుగునా అరకిలోమీటరుకో ఇల్లు. లాభం రాదని కంపెనీలు వెనక్కి తగ్గాయి. టెండర్ నుంచి 2017లో సిరో, 2018 జనవరిలో ఎయిర్ తప్పుకున్నాయి. మిగిలింది ఒకే ఒక్క బిడ్డర్. ఆ బృందం పెద్దతో విడిగా కలిశారన్న వివాదంలో మంత్రి డెనిస్ నాటన్ 2018 అక్టోబర్‌లో రాజీనామా చేశారు. ఇంత ఖర్చు తగదని ఖజానా చూసే శాఖ అధికారులే అడ్డుచెప్పారు. అయినా 2019 నవంబర్‌లో ఒప్పందం కుదిరింది. సుమారు 5,40,000 గడపలు, 11 లక్షల మంది జనం, ప్రభుత్వ వాటా 300 కోట్ల యూరోల దాకా.

లెక్కేస్తే గడపకు ఐదున్నర వేల యూరోలు! ‘ఆవులు యూట్యూబ్ చూస్తాయా?’ అనే మాటలు నేనే సైట్ క్యాంటీన్‌లో విన్నాను. నాలుగు నెలలు తిరిగేసరికి కరోనా వచ్చింది. బడి ఇంట్లోకి, ఆఫీసు వంటగదిలోకి వచ్చేశాయి. ఆ తర్వాత ఆ మాట మళ్లీ వినబడలేదు. 2021 జనవరిలో కార్క్ జిల్లా కారిగలైన్ దగ్గర తొలి ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు.

తుపాను అడిగిన ప్రశ్న

పల్లెల్లో ఫైబర్‌ను చాలావరకు పాత టెలిఫోన్ స్తంభాల మీదే లాగారు. చవక, పైగా త్వరగా అవుతుంది. తప్పేమీ లేదు. కానీ 2025 జనవరి 24న ఎయోవిన్ తుపాను వచ్చింది. పశ్చిమ తీరంలో మేస్ హెడ్ దగ్గర గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు దాటింది. ఈ దేశంలో అదే రికార్డు. 7,68,000 ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. చెట్లు కూలితే స్తంభాలు కూలాయి, స్తంభాలతో పాటే ఇంటర్నెట్ కూడా!

ఇది చూసినప్పుడు నాకు మన విశాఖే గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి స్తంభాలను అగ్గిపుల్లల్లా విరిచేసింది. ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు సాయంతో అక్కడ కరెంటు తీగలను నేల కిందికి మార్చే పని చేపట్టారు. దెబ్బ తిన్నాక తవ్వడం కంటే, ఎలాగూ తవ్వుతున్నప్పుడే అన్నీ వేసుకోవడం మేలు కదా?

మనవాళ్లు చేసి చూపించారు

ఈ విషయంలో మన దగ్గర ఓ మంచి ఉదాహరణ ఉంది. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపు కోసం తవ్విన కందకంలోనే టీ-ఫైబర్ గొట్టాలూ వేశారు. ఒకే తవ్వకం, రెండు పనులు. గొట్టం వేయడం ఒక ఎత్తు, ఇంటింటికీ కనెక్షన్ ఇవ్వడం ఇంకో ఎత్తు అన్నది నిజమే. గడప దాకా చేరడం ఆలస్యమైందన్న విమర్శా ఉంది. కానీ ఆలోచన మాత్రం బంగారం. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబర్‌లో మొదలైన ఫైబర్‌గ్రిడ్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అంటూ కరెంటు స్తంభాల మీదుగా వెళ్లింది. ఒకరిది నేల దారి, ఒకరిది గాలి దారి. ఐర్లాండ్ కూడా ఈ రెండిటి మధ్యే ఊగుతోంది.

యూరప్ పెద్దలకూ ఈ సంగతి తెలుసు. ప్రభుత్వ సొమ్ముతో రోడ్డు తవ్వే పని ఉంటే, ఇంటర్నెట్ కంపెనీలు కూడా అదే సమయంలో తమ గొట్టాలు వేసుకునేలా సమన్వయం ఉండాలని 2014లోనే ఆదేశం తెచ్చారు. 2024లో దాన్ని మరింత గట్టి చట్టంగా మార్చారు.

ఇప్పుడు కార్క్ వంతు

2025 ఏప్రిల్‌లో కార్క్‌కు లూయస్ మార్గం ప్రతిపాదన బయటికొచ్చింది. బాలిన్‌కాలిగ్ నుంచి మహన్ పాయింట్ దాకా 18 కిలోమీటర్లు, 25 స్టాపులు. దారిలో యూనివర్సిటీ, పెద్దాస్పత్రి, రైల్వే స్టేషన్. మనవాళ్లు చదివే, పనిచేసే చోట్లన్నీ దాదాపు ఈ గీత మీదే ఉన్నాయి! అంతే... పాత డబ్లిన్ పాట మళ్లీ మొదలు. చెట్లు పోతాయని కొందరు, ఇంటి ముందు పార్కింగ్ పోతుందని కొందరు, బస్సులు పెంచితే చాలదా అని ఇంకొందరు.

వీళ్ల భయాలను కొట్టిపారేయలేం. డబ్లిన్‌లో లైన్లు కలిశాక కాలేజ్ గ్రీన్ దగ్గర ట్రామ్‌లూ బస్సులూ ఒకదానికొకటి అడ్డుపడి, 2018 మొదట్లోనే కొన్ని బస్సులను దారి మళ్లించాల్సి వచ్చింది. అయితే నా ప్రశ్న ‘ట్రామ్ వద్దా?’ అని కాదు. ఆ 18 కిలోమీటర్లు తవ్వినప్పుడు రేపటి ఫైబర్ కోసం, కరెంటు కోసం ఖాళీ గొట్టాలు వేస్తున్నారా లేదా? ఆ ప్రశ్న గట్టిగా అడిగితే నర్సు అక్కకూ మేలే, నగరం చుట్టుపక్కల ఉండే సాఫ్ట్‌వేర్ తమ్ముడికీ మేలే.

మనం ఎవరం అడగడానికి అంటారా? ఇక్కడే చాలామంది తెలుగువాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఐర్లాండ్ స్థానిక ఎన్నికల్లో పౌరసత్వం లేకపోయినా ఓటు వేయొచ్చు! పద్దెనిమిదేళ్లు నిండి, ఇక్కడ నివాసం ఉండి, ఓటరు జాబితాలో పేరుంటే చాలు. గత స్థానిక ఎన్నికలు 2024 జూన్‌లో అయ్యాయి. అయిదేళ్లకోసారి వస్తాయి. పార్లమెంటు ఎన్నికలకు ఈ హక్కు లేదు గానీ, మన వీధి సంగతి ముందుగా తెలిసేది కౌన్సిలర్‌కే కదా. ఇక ఇలాంటి పథకాలపై అభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఎవరైనా ఉచితంగా రాసి పంపొచ్చు. అనుమతుల దశకు చేరాక మాత్రం 50 యూరోల రుసుము ఉంటుంది. అందుకే ముందే నోరు విప్పడం మంచిది.

సంక్రాంతికి హాలు బుక్ చేయడానికి నలభై మందిమి గంటల తరబడి ఫోన్లలో చర్చిస్తాం. అందులో పది నిమిషాలు ఈ ఉత్తరానికి ఇవ్వలేమా? ఎలాగూ ఆ గుంత తవ్వేవాళ్లలో మనవాడొకడు ఉంటాడు. ఆ గుంతలో ఏమేం వేయాలో చెప్పేవాళ్లలోనూ మనవాళ్లుండాలి.