హేతుదోషము, సాధ్యబాధ

పరపక్షమునందలి హేతువు దుష్టమని చూపఁగనే సాధ్యమును దొలఁగిపోయెనని తలంచుట వాదములందుఁ దఱచుగాఁ గాన్పించు దోషము. కొండమీఁది మంచును బొగయని భ్రమించి యొకఁ డచ్చట నగ్ని కలదనెను. రెండవవాఁ డది పొగ గాదని నిరూపించెను. ఇంతవఱకు సరియే. అందువలన నగ్ని లేదనినచో నది నిర్హేతుకమగు ప్రతిజ్ఞ. ఆ మంచు మాటుననే గొల్లలు నెగడు వైచుకొని యుండవచ్చును గదా! పత్రము కూటసృష్టియని తేలినంతనే బాకీయే లేదనరాదు. నిజముగా రావలసినవాఁడును దొంగపత్రము పుట్టించుట కలదు.

మన తార్కికుల హేత్వాభాసవిభాగమునందే యీ వివేక మిమిడియున్నది. అన్నంభట్టు తర్కసంగ్రహమునఁ జెప్పిన యైదింటిలో సవ్యభిచారము, అసిద్ధము ననునవి హేతువునకు సాధకశక్తి లేదని మాత్రమే తెలుపును. సత్ప్రతిపక్షము సంశయమున నిలుపును. విరుద్ధమున హేతువే సాధ్యాభావమును సాధించును. బాధితమున సాధ్యాభావము ప్రమాణాంతరముచే నిశ్చితమై యుండును. అగ్ని ద్రవ్యము గావునఁ జల్లనిది యనువానికి స్పర్శయే యుత్తరము. అసిద్ధిని మాత్రము చూపి బాధఫలమును గోరుటయే యిచ్చటి తప్పు. ఖండించి యూరకున్న వైతండికునకు స్వపక్షము లేదు గనుక నీ దోష మంటదు.

ఆంధ్రశబ్దచింతామణి కర్తృత్వవిచారము దీనికి మంచి లక్ష్యము. సంస్కృతమున రచింపఁబడిన యీ తెనుఁగు వ్యాకరణము నన్నయభట్టారకకృతమని ప్రసిద్ధి. భీమన యీర్ష్యచే దీనిని గోదావరిపాలు చేసెననియు, రాజరాజు కొడుకగు సారంగధరుఁడు దీనిని గంఠస్థము చేసియుండి శతాబ్దములు గడచినపిమ్మట నెలకూచి బాలసరస్వతి కిచ్చెననియు 1656 ప్రాంతమున నప్పకవి వ్రాసెను. ఇది నమ్మఁదగిన కథ గాదు. కాని కథ తొలఁగినచో నన్నయకర్తృత్వమునకుఁ జెప్పిన యొక సాక్ష్యము తొలఁగినది. నన్నయ రచింపలేదని తేలలేదు. యథార్థకర్తృకములగు కృతులకును గట్టుకథలు పుట్టుట మనలో వింత గాదు.

నిషేధమునకు వేఱు హేతువు కావలయును. అట్టిది 13వ శతాబ్దమువాఁడగు కేతన మాట. తనకు ముందు తెనుఁగునకు లక్షణము చెప్పినవారు లేరని యతఁ డాంధ్రభాషాభూషణమునఁ బలికెను. సారంగధరుని కథ నిలిచినను బడినను దీనికి హాని లేదు. నా మతమున నిది బలవత్తరమగు హేతువు. కేతన తెనుఁగుభాషలో రచించిన లక్షణమునే యుద్దేశించెననియు, సంస్కృతగ్రంథమున కది తగులదనియు నన్నయపక్షమువారు చెప్పవచ్చును. చెప్పనిండు. అప్పుడు కేతనవాక్యము బాధకము గాకపోవునే కాని నన్నయకర్తృత్వము సిద్ధింపదు. సిద్ధించెననువారు నన్నయకును బాలసరస్వతికిని నడుమ నున్న యాఱు శతాబ్దములలో నీ గ్రంథమును స్మరించిన లాక్షణికు నొక్కనినైనఁ జూపవలసియున్నది.