పక్కటెముకల కింది భయం

కడుపునొప్పితో వెళ్లినవారిని డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి, కుడివైపు పక్కటెముకల అంచు కింద వేళ్లు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చమంటారు. ఊపిరితో పాటు కాలేయం కిందికి దిగి వేళ్లకు తగులుతుందేమోనని చూడటం అది. ఆ చోటికి వైద్యుల పేరు రైట్ హైపోకాండ్రియం. పెద్ద జబ్బేదో వచ్చేసిందని అదే పనిగా హడలిపోవడాన్ని హైపోకాండ్రియా అంటామే, ఆ మాట పుట్టిల్లు ఇదే.

గ్రీకులో హైపో అంటే కింద, ఖోండ్రోస్ అంటే మృదులాస్థి. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ నాటికి అది ఒట్టి శరీరభాగం పేరు. మనసు ఊసే లేదు. అయితే ప్లీహం ఉండేదీ పక్కటెముకల కిందే, కాకపోతే ఎడమవైపు. దిగులుకు మూలం ఒంట్లోని నల్లపిత్తమనే ద్రవమని, దాని నెలవు ప్లీహమని ఆనాటి వైద్యం నమ్మింది. క్రీ.శ. 2వ శతాబ్దంలో గేలెన్ అనే వైద్యుడు ఇంకో అడుగు వేసి, పైకడుపులో పుట్టిన ఆవిరి తలకెక్కి మెదడును కమ్మేస్తుందన్నాడు. దాంతో త్రేన్పులు, ఉబ్బరం, కారణం తెలియని భయం అన్నీ ఒకే జబ్బు ఖాతాలో పడ్డాయి. 1621లో రాబర్ట్ బర్టన్ 'అనాటమీ ఆఫ్ మెలంకలీ' అనే పుస్తకం అచ్చువేసేనాటికీ ఇదే లెక్క. అదే శతాబ్దంలో థామస్ సిడెన్‌హామ్ అనే ఇంగ్లిష్ వైద్యుడు, ఆడవారిలో హిస్టీరియా ఎలాంటిదో మగవారిలో హైపోకాండ్రియా అలాంటిదే అన్నాడు. బాధ ఒకటే అయినా పేర్లు మాత్రం రెండు!

నల్లపిత్తం కథ కంచికి చేరాక ఆ మాటలో పొట్ట పోయి భయమొక్కటే మిగిలింది. దానికి వెటకారమూ అంటుకుంది. నిజానికి ఇందులో నటన ఉండదు. మెడ దగ్గర చిన్న గడ్డ తగిలిందనుకున్న మనిషి రోజంతా దాన్ని నొక్కి చూసుకుంటాడు. నొక్కగా నొక్కగా అక్కడ నిజంగానే నొప్పి మొదలవుతుంది. ఇక ఆ నొప్పే అతని అనుమానానికి సాక్ష్యం! రిపోర్టు నార్మల్ అని వస్తే కాస్త ఊరట, ఆపైన ఇంకో ల్యాబు.

2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలోంచి ఈ పేరు తీసేసింది. ఒంట్లో బాధలుండి వాటి గురించే మితిమీరి కలతపడేవారిని ఒక కోవలో పెట్టింది. లక్షణాలు పెద్దగా లేకున్నా జబ్బు భయంతో నలిగేవారిది మరో కోవ, దాని పేరు ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ వీరికి బాగా పనిచేస్తుంది. నొక్కి చూసుకోవడం, గూగుల్‌లో వెతకడం, "నాకేం కాదు కదా" అని ఇంట్లోవాళ్లను పదేపదే అడగడం ఇందులో మెల్లమెల్లగా మాన్పిస్తారు. అవసరమైతే డిప్రెషన్‌కు వాడే మందులూ జోడిస్తారు.