ముప్పై ఏళ్ల ఎదురుచూపు, మూడున్నర మైళ్ల పని

నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కు వెళ్లేటప్పుడు సముద్రం ఇంకా కనిపించకముందే ఒక కాలువ దాటతారు. బకింగ్‌హాం కాలువ. పరీక్షల్లో దాని గురించి ఒక మార్కు ప్రశ్న వస్తే ఠక్కున జవాబు పెట్టేస్తారు. దాన్ని ఎవరు తవ్వారో మాత్రం ఏ గైడులోనూ ఉండదు. అందులో కొంత భాగం 1876-78 కరువులో కూలికోసం వచ్చిన జనం తవ్వింది. ఆ తవ్వకం వెనక ఒక కథ ఉంది. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి విసిగిపోయిన మీకు అది కాస్త పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

మన జిల్లాలో ఆశకు లోటు లేదు. డిసెంబరు 31 రాత్రి చర్చిలో వాగ్దానం కార్డు తీసుకుని పర్సులో దాచుకున్నవాళ్లు మీలో ఉంటారు. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగం రొట్టె పట్టుకున్నవాళ్లూ ఉంటారు. ఇబ్బంది ఆ తర్వాతే వస్తుంది. కార్డు పర్సులోనే ఉంటుంది, ఫలితాల జాబితాలో నంబరు ఉండదు. ఊరికెళితే బాబాయి అడిగే ప్రశ్న ఒకటే: ‘ఇప్పుడేం చేస్తన్నావు?’

ఇలాంటి ప్రశ్ననే ముప్పై ఏళ్లపాటు ఎదుర్కొన్న సంస్థ ఒకటి నెల్లూరులో ఉండేది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్. దాని మొదటి మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగునేలకు వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. ఖర్చు పెడుతున్న అమెరికా పెద్దలకు ఓపిక నశించింది. 1848లో ఒకసారి, 1853లో మరోసారి, 1862లో ఇంకోసారి ‘ఇక మూసేద్దాం’ అన్న మాట వచ్చింది. పటంలో ఒంటరిగా మిగిలిన చుక్క కాబట్టి దీనికి ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు పడింది. మూడుసార్లూ మూత తప్పింది. ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డుపడ్డారు.

ఆ అడ్డుపడ్డవాళ్లలో లైమన్ జ్యూయెట్ ఒకడు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు పక్కనున్న కొండెక్కి ఐదుగురు ప్రార్థన చేశారు: జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. చివరి ముగ్గురూ తెలుగువాళ్లే. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఈ ఊరికి ఒక మనిషిని పంపమన్నది వాళ్ల ప్రార్థన. ఇప్పుడా కొండను ప్రార్థన కొండ అంటారు. కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆగి చప్పట్లు కొట్టిస్తారు. మీరు మాత్రం తేదీలు చూడండి. ఆ మనిషి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. కొండ దిగాక పన్నెండేళ్లకు! మీకు నాలుగేళ్ల గ్యాప్ ఎక్కువనిపిస్తే తప్పేం లేదు, అది ఎక్కువే. కానీ ఆ పన్నెండేళ్లూ వాళ్లు కొండ మీదే కూర్చోలేదు. నెల్లూరులో తమ పని తాము చేసుకుంటూనే ఉన్నారు. 1862లో జ్యూయెట్ అమెరికా వెళ్లినప్పుడు పెద్దలు మళ్లీ మూసేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. 1865లో కొత్త మనిషిని వెంటబెట్టుకునే తిరిగొచ్చాడు.

ఆ కొత్త మనిషే జాన్ క్లౌ. మత బోధకుడు కాకముందు ఆయన భూమి కొలిచే సర్వేయరు. రెజ్యూమేలో ఈ లైను చూసి అప్పట్లో ఎవరైనా పక్కన పెట్టేసేవారే. ప్రసంగాలు చెప్పేవాడికి గొలుసు పట్టి నేల కొలవడం ఎందుకు?

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య అంతకుముందే విశ్వాసి అయ్యాడు. ఆయన ద్వారా చుట్టుపక్కల పల్లెల్లోని మాదిగ వాడలకు మాట పాకింది. సంఘం పెరుగుతుండగానే వానలు ముఖం చాటేశాయి. 1876 నుంచి మద్రాసు రాజధాని అంతటా కరువు. లక్షలమంది పోయారు. అందరికంటే ముందు పస్తులున్నది సొంత భూమి లేని ఈ వాడలవాళ్లే.

ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం పెట్టింది. పని దొరికినా అక్కడి మేస్త్రీల చేతుల్లో మాదిగ కూలీలు పడ్డ బాధలు తక్కువేం కావు. అప్పుడు క్లౌ చేసిన పని చూడండి. కాలువలో మూడున్నర మైళ్లు, అంటే దాదాపు ఐదున్నర కిలోమీటర్లు, తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. కొలతలు తెలిసినవాడు, లెక్క చూడగలడు. ఎవరూ అడగని ఆ పాత చదువు ఇక్కడ పనికొచ్చింది. బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చారు. పగలు మట్టి, సాయంత్రం కూలి, ఆ తర్వాత గుడిసెల దగ్గర కూర్చుని మాట్లాడే బోధకులు. ‘ప్రయాసపడి భారం మోసేవాళ్లకు విశ్రాంతి’ అన్న అర్థం వచ్చే క్రీస్తు మాట రోజంతా తట్టలు మోసినవాళ్లకు ఎలా వినపడి ఉంటుందో ఊహించుకోండి.

సహజంగానే చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు! ఒక నెలో రెండు నెలలో కాదు, పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి చేతిలో పెట్టే మనిషే మతం కూడా ఇస్తే, ఆకలితో వచ్చినవాడు ఎందుకు వచ్చాడో వాడికే తెలియదు కదా. తిండి కోసం మారారన్న నింద ఆ జనం మీద పడుతుందని ఆయనకు తెలుసు. అందుకే పని ముందు పెట్టాడు, సాయం పంచాడు. కరువు సాయం ముగింపుకొచ్చాక, ఇక తన దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదని తేలాకే తలుపు తెరిచాడు. నా మటుకు ఈ పదిహేను నెలలే ఈ కథలో అన్నిటికంటే పెద్ద విషయం.

ఎందుకంటే మీరూ అలాంటి కాలంలోనే ఉన్నారు. అవసరంలో ఉన్న మనిషికి ఆశ అమ్మడం తేలిక. పోర్టులో పోస్టు ఉంది, మూడు లక్షలు కడితే ఆర్డరు చేతికొస్తుందనేవాడు మీ హాస్టలు చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. దేవుడి పేరు చెప్పి ఫలానా కానుక వేస్తే ఇంటర్వ్యూ మీదేననేవాడూ తగలొచ్చు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: నా దగ్గర డబ్బు లేకపోయినా ఈ మాట చెబుతావా? పాస్టరు గారైనా, కోచింగ్ సెంటరు సారైనా, దూరపు చుట్టమైనా సరే. ఆ ప్రశ్నకు జవాబు నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. అలాగే ఈ ఏడాది మీరు నేర్చుకున్న టాలీయో, ఆటోక్యాడో, డ్రైవింగో మీరు కోరుకున్న పోస్టుకు సంబంధం లేదని తీసి పారేయకండి. పరీక్షకు చదువుకుంటూనే సాయంత్రం నాలుగు గంటలు ఎక్కడైనా పని చేస్తున్నామని చెప్పుకోవడానికి నామోషీ పడేవాళ్లను చూస్తుంటాను. ఆ బోధకులు తట్టల లెక్క రాశారు. దాంతో వాళ్ల బోధ చిన్నబోలేదు.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పుస్తకాలన్నీ ఎత్తి చూపేది ఈ అంకెనే. ఆ రోజు నీళ్లలో దిగి ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు, చూస్తూ ఉండిపోయాడు.