బిడ్డను చూసేదెవరు?



బిడ్డ పుట్టినాక ఆడవాళ్లు పని ఎందుకు మానేస్తారు? "ఇంటి పని ఉంటుంది కదా" అంటారు చాలామంది. నాకు ఆ జవాబు చాలదనిపించింది. అందుకే తెలుసుకున్నంత రాస్తున్నాను.

తల్లి పనిలో నిలవాలంటే మూడు కావాలి. కాన్పుకు జీతంతో సెలవు, బిడ్డను ఉంచడానికి చోటు, తిరిగొస్తే పని ఉంటుందనే ధైర్యం.

మన దేశంలో ఇందుకోసం 1961లో ప్రసూతి ప్రయోజన చట్టం చేశారు. మొదట సెలవు 12 వారాలు. 2017లో దాన్ని మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు చేశారు. సెలవులో ఉన్న తల్లిని పనిలోంచి తీసేయకూడదు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆ సెలవు జీతం ఇవ్వాల్సింది యజమాని. "ఆడమనిషిని పెట్టుకుంటే ఆరు నెలలు ఊరికే జీతమివ్వాల" అని లెక్క వేసుకునే యజమాని, ముందే మగవాణ్ణి పెట్టుకుంటాడు. మేలు చేయాలని తెచ్చిన చట్టమే అప్పుడు అడ్డమవుతుంది. ఇ.ఎస్.ఐ. ఉన్న ఫ్యాక్టరీల్లో అట్లా కాదు. యజమానులు, కార్మికులు అందరూ నెలనెలా కట్టిన నిధి నుంచి ఆ డబ్బు వస్తుంది. బరువు ఒక్కరి మీద పడదు.

పిల్లల గది సంగతీ అంతే. ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 30 మందికి మించి ఆడవాళ్లుంటే పిల్లల గది పెట్టాల్సి ఉండేది. 30 మందితో ఆపితే? గది ఖర్చు తప్పేది! 2017 సవరణలో లెక్క మార్చారు. ఆడ, మగ కలిపి 50 మంది పనిచేస్తే చాలు, గది ఉండాల్సిందే. తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చు. ఆడవాళ్లను తగ్గించి తప్పించుకునే దారి మూసుకుపోయింది.

మరి మన అమ్మల మాటేమిటి? ఈ సెలవు రావాలంటే కాన్పుకు ముందు 12 నెలల్లో ఒకే యజమాని దగ్గర 80 రోజులు పని చేసుండాలి. మన కలికిరి చుట్టుపక్కల టమాటా కోసే వాళ్లు ఈ వారం ఒకరి తోటలో, వచ్చే వారం ఇంకొకరి మడిలో ఉంటారు. వాళ్లకు యజమాని ఎవరు?

కూలి తల్లులకు దగ్గరగా వచ్చింది 2005 నాటి ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరిలో ఆ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పని ఊరికి 5 కిలోమీటర్ల లోపల ఇవ్వాలి, ఆడ మగకు ఒకే కూలి ఇవ్వాలి అన్నారు. పని దగ్గర ఆరేళ్లలోపు పిలకాయలు అయిదుగురుంటే, వాళ్లను చూడటానికి ఒక ఆడమనిషిని పెట్టి, ఆమెకూ అదే కూలి ఇవ్వాలని రాశారు. మన రాష్ట్రంలో ఆ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే. దగ్గరి పని, సమాన కూలి ఉంటే ఆడవాళ్లు వెనకాడరని దీన్నిబట్టి తెలుస్తుంది.

కానీ పిలకాయలను చూసే మనిషిని నేను మా తండా పనుల దగ్గర ఎప్పుడూ చూడలేదు. చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలే చూశాను. 1975 నుంచి అంగన్‌వాడీలు ఉన్నాయి. అయితే పాలు తాగే బిడ్డను అమ్మ కూలి నుంచి వచ్చేదాకా ఉంచుకునే ఏర్పాటు మామూలు అంగన్‌వాడీలో లేదు.

అప్పుడు ఆ బిడ్డను ఎత్తుకునేదెవరు? అక్క! అమ్మ కూలి నిలబడుతుంది, అక్క బడి ఆగిపోతుంది. ఆ అక్క రేపు పెద్దదై మళ్లీ కూలికే పోతుంది. పిల్లల గది లేకపోతే నష్టం అమ్మతో ఆగదని నేననేది ఇందుకే.

మిత్రులారా! సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊర్లో బడి మానిన ఆడపిల్లలను లెక్కపెట్టండి. వాళ్లలో ఎంతమంది సంకలో తమ్ముడో చెల్లెలో ఉన్నారో చూడండి. ఆ లెక్క తెచ్చి ఈ గోడ పత్రికలో రాయండి. గ్రామసభలో పిల్లల గది అడగమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని