ఆకు దాచిన నీలం

చూడ్డానికి పచ్చటి ఆకు. నీళ్లలో నానబెట్టి చిలికితే నీలిమందు! ఒకప్పుడు రైతులను ఏడిపించిన ఆ రంగు, ఇప్పుడు కొద్దిమంది అద్దకందారుల చేతుల్లో మిగిలింది.

ఆషాఢం వచ్చిందంటే తెలుగిళ్లలో గోరింటాకు రుబ్బాల్సిందే. ముద్ద పచ్చగానే ఉంటుంది. రాత్రంతా ఉంచుకుని తెల్లారి కడిగితే మాత్రం అరచేయి ఎర్రగా పండుతుంది. లేత టేకాకును నలిపి అరచేతిలో ఎరుపు చూపించే పల్లె పిల్లలకూ ఈ కిటుకు తెలుసు. పైకి కనిపించే రంగు వేరు, ఆకు లోపల దాగిన రంగు వేరు. ఆకులతో బట్టలకు రంగులద్దే విద్య అంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

పచ్చదనం నిలవదు

ఆకు పచ్చగా ఉంది కదా అని బట్టకూ ఆకుపచ్చ వస్తుందనుకుంటే పొరపాటే. పత్రహరితం బట్టను గట్టిగా పట్టుకోదు. పట్టుకున్న కాస్తా ఎండకు వెలిసిపోతుంది. చాలా ఆకులు ఇచ్చేది పసుపు, లేత గోధుమ ఛాయలే. గోరింటాకు కూడా పట్టు, ఉన్ని మీద పండినంతగా నూలు మీద పండదు.

అందుకే రంగుకీ బట్టకీ ముడివేసే పదార్థం ఒకటి కావాలి. పటిక ఆ పని చేస్తుంది. కలంకారీ కళాకారులు బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టేది కూడా రంగు పట్టడానికీ, గీత చెదరకుండా ఉండటానికే. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఇక నిలిచే ఆకుపచ్చ కావాలా? నీలం వేసిన బట్ట మీద పసుపు ఎక్కించాలి. అంటే ఆకుపచ్చకు కూడా నీలమే దిక్కు!

గాలి తగిలితేనే రంగు

ఆ నీలం నీలి మొక్క ఆకుల్లో ఉంది. కోసిన కొమ్మల్ని వెంటనే తొట్టిలో వేసి, పైకి తేలకుండా బరువు పెట్టి గంటల తరబడి నానబెడతారు. పులిసిన నీళ్లను వేరే తొట్టిలోకి వదిలి బాగా చిలుకుతారు. గాలి కలిసేకొద్దీ నీళ్లు నీలంగా మారతాయి. అడుగున చేరిన ముద్దను వడగట్టి ఆరబెడితే అదే నీలిమందు. వంద కిలోల పచ్చి ఆకు వేసినా వచ్చేది ఒకటి రెండు కిలోలకు మించదు.

చిక్కేమిటంటే, ఈ మందు నీళ్లలో కరగదు. అందుకే సున్నం, బెల్లం, తగిరిస గింజల్లాంటివి వేసి బానలో మళ్లీ పులియబెట్టాలి. వాసన, నురగ, నీటి రంగు చూసి బాన పక్వానికి వచ్చిందో లేదో చెప్పడం అనుభవజ్ఞులకే సాధ్యం. అందులో ముంచిన బట్ట పసుపుపచ్చగా బయటికొచ్చి, గాలి తగలగానే కళ్లముందే నీలమవుతుంది. ముదురు రంగు రావాలంటే మళ్లీ మళ్లీ ముంచాల్సిందే.

ఏడిపించిన పంట

ఈ నీలం కోసం తెల్లదొరలు రైతుల చేత బలవంతంగా నీలి పండించారు. 1859లో బెంగాల్ రైతులు తిరగబడ్డారు. 1917లో గాంధీజీ చంపారన్ వెళ్లింది అక్కడి నీలి రైతుల కోసమే. మన కడప, నెల్లూరు ప్రాంతాల్లోనూ ఒకప్పుడు నీలి విస్తారంగా పండేది. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ రసాయన నీలాన్ని మార్కెట్లోకి తెచ్చాక ఆ పంట కుప్పకూలింది. పంటతో పాటు బాన పెట్టే విద్య కూడా చాలా ఊళ్లలో మరుగునపడింది.

కొనేవారి చేతుల్లోనే

రసాయన నీలంలోనూ, ఆకు నీలంలోనూ రంగునిచ్చే పదార్థం ఒక్కటే. కాబట్టి చీర రంగు చూసి ఇది ఆకుదా, డబ్బాదా అని కంటితో తేల్చలేం. ఎవరు, ఎలా అద్దారో అడిగి తెలుసుకోవడమే మార్గం. ఆకు రంగు ఒక్కో బానకు ఒక్కో ఛాయ తేలుతుంది. తొలి ఉతుకుల్లో కాస్త రంగు దిగొచ్చు. అది లోపమని వెనక్కిచ్చేస్తే, నష్టపోయిన అద్దకందారు డబ్బా రంగుకు మళ్లుతాడు. బాన నిలబడాలంటే ఆ కాస్త తేడాను ఒప్పుకునే కొనుగోలుదారు కావాలి.

ఇంట్లో జామాకుతో...

* తెల్ల నూలు రుమాలును సబ్బుతో ఉతికి, చెంచాడు పటిక కరిగించిన వేడినీళ్లలో గంటసేపు నానబెట్టాలి.
* రుమాలు బరువుకు రెండింతలు జామాకులు తుంచి, స్టీలు గిన్నెలో గంట మరిగించి వడగట్టాలి.
* అందులో రుమాలు వేసి సన్నటి సెగ మీద మరో గంట ఉంచాలి. రాత్రంతా అలాగే వదిలేసి, తెల్లారి జాడించి నీడలో ఆరేయాలి. లేత పసుపు గోధుమ ఛాయ వస్తుంది.
* చివర్లో కాస్త తుప్పు నీళ్లు కలిపితే బూడిదరంగుకు తిరుగుతుంది.
* ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడొద్దు.